కార్బన్ కరగదు, ఊడుతుంది

పోయిన జూన్‌లో ఒక ఆదివారం పొద్దున్న గ్యారేజీలోకి వెళ్ళేసరికి మూలనున్న బకెట్ సన్నగా బుసబుసమంటోంది. ముందురోజు రాత్రి నా పాయింట్ టూటూ (.22) రైఫిల్ విప్పి, మిగతా ముక్కలన్నీ బిగించే నడిమి భాగాన్ని, అంటే రిసీవర్‌ని, అందులో నానేసి పడుకున్నాను. బకెట్‌లో ఉన్నది ఊదారంగు డీగ్రీజర్. లారీ ఇంజన్ల మీద కొట్టి కడిగే సరుకు, చవగ్గా గ్యాలన్ల లెక్కన దొరుకుతుంది. రిసీవర్ లోపల పెంకులా కట్టిన కార్బన్ తెల్లారేసరికి ఊడిపోతుందని నా లెక్క.

ఊడింది. దాంతోపాటు పైనున్న నల్లపూత కూడా ఊడింది. కింద అల్యూమినియం బూడిదరంగుకి తిరిగి, వేలితో రుద్దితే సుద్దలా అంటుకుంటోంది. బుడగలు ఇంకా లేస్తూనే ఉన్నాయి. ఆ బుడగలు హైడ్రోజన్. క్యాన్ వెనక సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా, అని చక్కగా అచ్చేసి ఉంది. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది కానీ, సాఫ్ట్‌వేర్‌లోకి రాకముందు నేను చదివింది కెమికల్ ఇంజనీరింగ్.

ఇక్కడ అమెరికా చట్టం లెక్కలో ఆ రైఫిల్‌కి రిసీవరే తుపాకీ. సీరియల్ నంబర్ ఉండేది దాని మీదే. బ్యారెల్, బోల్టు (తూటాని లోపలికి నెట్టి వెనక మూసే ముక్క), ట్రిగ్గర్ అన్నీ విడిభాగాలు, ఆర్డరిస్తే ఇంటికొచ్చేస్తాయి. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగి కొనుక్కున్న మొదటి రైఫిల్‌లో పాడుచేసుకోకూడని ఒక్క ముక్కనీ ఏరి మరీ బకెట్‌లో వేశానన్నమాట.

నాన్నకి ఫోన్ చేశాను. ఆయన తెనాలిలో ముప్ఫై ఏళ్ళు టూవీలర్ షెడ్డు నడిపారు. లూనా, చేతక్, యెజ్డీ, తర్వాత ఆర్ఎక్స్ వంద, అన్నీ టూస్ట్రోక్ బళ్ళే. పెట్రోలుతోపాటు ఆయిలూ కాలుతుంది కాబట్టి వాటిలో కార్బన్ పట్టడమంటే మామూలుగా ఉండదు. సైలెన్సర్ మూసుకుపోయి బండి లాగదు. షెడ్డు వెనకాల సగానికి కోసిన డ్రమ్ములో కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్ళుండేవి, సైలెన్సర్లు నానేది అందులోనే.

"దేంట్లో వేశావు?"

"డీగ్రీజర్ నాన్నా. కాస్టిక్ ఉంటుంది కొంచెం."

"అల్యూమినియం ముక్కనా?"

"ఊఁ."

"ఒరేయ్, నా డ్రమ్ములో సైలెన్సర్ కాకుండా హెడ్డు వేయడం ఎప్పుడన్నా చూశావుట్రా?"

చూడలేదు. సైలెన్సర్ ఇనుము, డ్రమ్ములోకి వెళ్ళేది. ఇంజన్ హెడ్డు అల్యూమినియం, అది కిరసనాయిలు పళ్ళెంలోకి వెళ్ళేది. పొద్దుటికి మెత్తబడ్డ కార్బన్‌ని నాన్న వెదురు బద్దతో గీకేవారు, స్క్రూడ్రైవర్ ముట్టుకోనిచ్చేవారు కాదు. పదేళ్ళ వయసులో రోజూ కళ్ళెదురుగా జరిగిన ఈ పని నలభై ఏళ్ళొచ్చాక గుర్తు రాలేదు, ఎందుకంటే ఆ రాత్రి నేను వెతికింది "ఏది బాగా ఘాటైనది" అని.

తుపాకులు శుభ్రం చేసుకునేవాళ్ళందరూ దాదాపు ఈ ప్రశ్నే అడుగుతారు. కాల్పుల రేంజిలో పక్క బెంచీ ఆయనా అంతే, నాతోపాటు వచ్చే మన తెలుగు మిత్రులూ అంతే. ఘాటు చూసి సాల్వెంట్ (మురికి వదిలించే ద్రవం) కొనడం తప్పని నా వాదన. ముందు చూడాల్సింది నానేసేది ఏ లోహం, దాని మీద ఏ పూత, పట్టిన మురికి ఏమిటి అని. ఆ తర్వాత ఆ ఆవిరి పీల్చేది ఎవరు అని. ఘాటు గురించి అడగాల్సిన అవసరం నాకైతే ఇప్పటిదాకా మళ్ళీ రాలేదు.

మొదట ఒక అపోహ తీసేయాలి. కార్బన్‌ని కరిగించే సాల్వెంట్ మామూలు కొట్లలో లేదు. మసి, బొగ్గు, గ్రాఫైట్, వీటిని కిరసనాయిల్లో వేసినా అసిటోన్‌లో వేసినా అలాగే ఉంటాయి. డబ్బా మీద "కార్బన్‌ని కరిగించును" అని రాసినా సరే. మరి నానేస్తే ఎందుకు ఊడుతుంది? ఆ మసి రేణువుల్ని పట్టి ఉంచే జిగురు ఒకటుంటుంది. సగం కాలిన తుపాకీమందు, వేడికి మాడిన గన్ ఆయిల్, పాయింట్ టూటూ అయితే తూటా మీద పూసిన మైనం, ఇవన్నీ కలిసి బంకలా తయారవుతాయి. సాల్వెంట్ పని ఆ బంకతోనే. బంక మెత్తబడితే మసి పట్టు వదిలేస్తుంది. మిగతాది బ్రష్షు చూసుకోవాలి.

పనసకాయ కోసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మా అమ్మమ్మ వాళ్ళది అమలాపురం పక్క. పనసకాయ ముందు కూర్చునేటప్పుడు ఆవిడ చేతులకీ కత్తిపీటకీ నూనె రాసుకునేది. పాలు అంటుకున్న చేతిని నీళ్ళ కింద ఎంతసేపు రుద్దినా పోదు, ఇంకా సాగుతుంది. రెండు చుక్కల కొబ్బరినూనె వేస్తే జారిపోతుంది. జిడ్డుకి జిడ్డే మందు. కిరసనాయిలు, పెయింటు పలచన చేసే మినరల్ స్పిరిట్స్, డీజిల్, ఇవి బోల్టు మీద పనిచేసేది ఆ సూత్రం మీదే.

కానీ ఇంకో రకం ఉంది, అట్లపెనం రకం. పెనం అడుగున ఏళ్ళ తరబడి మాడి గట్టిపడ్డ నూనె ఇప్పుడు నూనె కాదు, ఒక రకం వార్నిష్. దాన్ని కిరసనాయిల్లో నెల రోజులు ఉంచినా పెద్దగా కదలదు. ఏఆర్-15 అనే రైఫిల్ బోల్టు వెనక కొస (తోక) మీదా, గ్యాస్ పిస్టన్ మూతి మీదా పట్టేది చాలావరకు ఇదే. కాస్టిక్ లాంటి క్షారాలు దీని మీద బాగా పనిచేస్తాయి, అందుకే ఓవెన్ క్లీనర్లలో అది ఉంటుంది. మామూలు స్టీలుకి క్షారంతో పెద్ద బాధ లేదు. అల్యూమినియానికి ఉంది. ఏఆర్-15 రిసీవర్లు 7075 అనే అల్యూమినియం మిశ్రమంతో చేసి, పైన ఆనోడైజ్ చేస్తారు. ఆ ఆనోడైజ్ పొర కూడా అల్యూమినియం ఆక్సైడే, కాస్టిక్ ముందుగా తినేది దాన్నే. బోల్టు, దాన్ని మోసే క్యారియర్ మాత్రం స్టీలు. ఒకే తుపాకీలో రెండు లోహాలు పక్కపక్కనే ఉంటాయి, చూడడానికి రెండూ నల్లగానే ఉంటాయి. అయస్కాంతం ఒకటి బెంచీకి తగిలించి పెట్టుకున్నాను ఇప్పుడు. అంటుకోనిది ఏదీ తొందరపడి బకెట్‌లోకి పోదు.

ఇళ్ళలో కలుపుకునే సాల్వెంట్లలో బాగా పేరున్నది ఎడ్స్ రెడ్. సి.ఇ. హారిస్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన వంటకం. ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిలు, కిరసనాయిలు, మినరల్ స్పిరిట్స్, అసిటోన్, నాలుగూ సమపాళ్ళలో. ట్రాన్స్‌మిషన్ ఆయిలు ఎర్రగా ఉంటుంది, అందుకే ఆ పేరు. దీని మూలం ఇంకా పాతది. అమెరికా సైన్యం ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్‌లో వాడిన 18వ నంబర్ క్లీనర్‌లో అసిటోన్, టర్పెంటైన్, ఆస్ట్రల్ ఆయిల్ పేరుతో అమ్మే కిరసనాయిలు, తిమింగలం నూనె ఉండేవి. తిమింగలం పోయి గేర్‌బాక్స్ ఆయిలు వచ్చింది, టర్పెంటైన్ పోయి మినరల్ స్పిరిట్స్ వచ్చాయి. మంచి వంటకమే. నా ఫిర్యాదు అసిటోన్ మీద. తెరిచిన పళ్ళెంలో నానేసేటప్పుడు అది గంటల్లో ఎగిరిపోతుంది. రాత్రంతా నానేది మిగతా మూడింటిలోనే. ఎగిరిపోయేది గ్యారేజీ గాలిలోకి, అక్కడినుంచి మన ఊపిరితిత్తుల్లోకి. పైగా చాలా ప్లాస్టిక్‌లని కరిగిస్తుంది, చెక్క బట్ మీద వార్నిష్‌ని లేపేస్తుంది. నీలం నైట్రైల్ గ్లవ్స్ వేసుకున్నాం కదా అనుకుంటే, అసిటోన్‌ని అవి ఎంతోసేపు ఆపవు. నేను మానేశాను. అసిటోన్ లేని మిశ్రమంలో నానేసిన బోల్టుకీ ఉన్నదాంట్లో నానేసిన బోల్టుకీ నా కంటికి తేడా కనపడలేదు.

మంట సంగతి. అసిటోన్ ఆవిరి సున్నా కింద ఇరవై డిగ్రీల చలిలో కూడా అంటుకోగలదు, పెట్రోలు అయితే సున్నా కింద నలభై దగ్గర కూడా. కిరసనాయిలు అలా కాదు, దాని ఆవిరి అంటుకోవాలంటే సుమారు 38 డిగ్రీల సెల్సియస్ దాటాలి. రేషన్ షాపు నీలం కిరసనాయిలుతో స్టవ్వులు వెలిగించిన ఇళ్ళనుంచి వచ్చాం కాబట్టి మనకి దాని భయం ఉండదు. కానీ నేనుండేది డాలస్ పక్కన. జులై మధ్యాహ్నం ఇక్కడ తలుపు మూసిన గ్యారేజీ నలభై దాటుతుంది. అంటే ఆ పళ్ళెం చల్లటి ఇంట్లో ఉన్న కిరసనాయిలు లాంటిది కాదు. నా గ్యారేజీలోనే గ్యాస్ వాటర్ హీటర్ ఉంది, దాని అడుగున పైలట్ మంట ఇరవైనాలుగు గంటలూ వెలుగుతూ ఉంటుంది. సాల్వెంట్ ఆవిరి గాలికంటే బరువు, నేల వెంబడి పాకుతుంది. పళ్ళెం నేల మీద, మంట నేలకి జానెడెత్తున. ఈ లెక్క తట్టిన రోజున పళ్ళేన్ని మూతున్న స్టీలు డబ్బాగా మార్చి, వరండాలోకి తీసుకెళ్ళిపోయాను.

అమోనియా ఉన్న సాల్వెంట్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వాటి కథలో మన దేశం ఉంది. బ్యారెల్‌లో తూటా తొడుగునుంచి రాగి కూడా అంటుకుంటుంది. దాన్ని అమోనియా బాగా తీస్తుంది, గుడ్డ నీలంగా బయటికొస్తుంది. 1903లో మొదలైన హాప్స్ నంబర్ 9 అనే పాత సాల్వెంట్‌లో కూడా కొద్దిగా ఉంటుంది. దాని వాసన మాత్రం అరటిపండుది, అందులోని ఎమైల్ అసిటేట్ వల్ల. (మా ఆవిడ మొదటిరోజు వంటింట్లో అరటిపండ్లు మగ్గిపోయాయేమోనని వెతికింది.) ఇప్పుడు కథ. బ్రిటిష్ వాళ్ళు మన దేశంలో వానాకాలం సైన్యం కదలికలు తగ్గినప్పుడు తూటాలని గుర్రపుసాలల్లో నిల్వ చేసేవారు. వానలు తగ్గాక తీసి చూస్తే మందు నింపే ఇత్తడి కేసులు చీలికలు పడి ఉండేవి. రుతువుని బట్టి వస్తోందని దానికి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. అసలు కారణం 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, తేమ, కేసుని సాగదీసి చేసేటప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిసి లోహాన్ని చీల్చాయి.

అందుకని అమోనియా సీసా తెరిచిన బెంచీ మీద నేను తూటాలు పెట్టను. అందులో కంచు బ్రష్షు నానేయను, బ్రష్షే కరిగి గుడ్డ మీద నీలం చూపిస్తుంది, మనం బ్యారెల్‌లో ఇంకా రాగి ఉందనుకుని రుద్దుతూనే ఉంటాం. నికెల్ పూత ఉన్న పాత రివాల్వర్లకి కింద రాగి పొర ఉండొచ్చు, పూతలో చిన్న పగులు దొరికితే అమోనియా కిందికి దూరి పూతని లేపేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, రాగి లేని చోట అమోనియాతో మనకి పనే లేదు. బోల్టు మీద పట్టేది కార్బన్. బ్యారెల్ సాల్వెంట్‌లో బోల్టు నానేయడమంటే తలనొప్పికి కాలికి కట్టు కట్టడం.

కార్బొరేటర్ ముక్కల్ని ముంచి కడిగే డిప్‌ల దగ్గరికి వద్దాం. పాతకాలం డిప్‌లలో మిథిలీన్ క్లోరైడ్, క్రెసిలిక్ ఆసిడ్ ఉండేవి. ఒప్పుకోవాలి, అవి పనిచేసినట్టు ఏదీ పనిచేయదు. "పాత ఫార్ములా డబ్బా ఒకటి దాచాను" అని గొప్పగా చెప్పేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. మిథిలీన్ క్లోరైడ్ ఒంట్లోకి వెళ్ళాక శరీరం దాన్ని కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. గాలి ఆడని స్నానాల గదుల్లో దాంతో తొట్టెల పెయింటు తీస్తూ పనివాళ్ళు చనిపోయారు. అమెరికా పర్యావరణ సంస్థ 2019లో పెయింటు తీసే మందుల్లో దాన్ని జనానికి అమ్మకుండా ఆపి, 2024లో మిగతా వాడకాల్లో చాలావాటిని నిషేధించింది. ఆదివారం కాలక్షేపానికి పెట్టుకున్న రైఫిల్ కోసం అది వాడడానికి నాకు ఒక్క కారణమూ దొరకలేదు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్లూ అంతే. అవి కొట్టిన ముక్క మీద తడి ఆరకుండా వెల్డింగ్ మంట పెడితే ఫాస్‌జీన్ పుడుతుంది, మొదటి ప్రపంచయుద్ధంలో మనుషుల మీద వదిలిన వాయువు.

నాకు నిజంగా కోపం తెప్పించేది మాత్రం వెనిగర్ వంటకం. వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ చెరిసగం కలిపి, పాయింట్ టూటూ తుపాకీ చప్పుడు తగ్గించే సైలెన్సర్‌లో పేరుకున్న సీసం (లెడ్) కరిగించే పద్ధతి. వంటింటి సరుకులే కాబట్టి ప్రమాదం లేదని చెప్పుకుంటారు. కలిపిన రెండిటిలో ప్రమాదం లేదు, తయారయ్యేదాంట్లో ఉంది. పెరాక్సైడ్ సీసాన్ని ఆక్సైడ్ చేస్తుంది, వెనిగర్ దాన్ని లెడ్ అసిటేట్ చేస్తుంది. నీళ్ళల్లో ఇట్టే కరిగే సీసం లవణం, రుచికి తియ్యన. ముద్దగా పడున్న సీసం కంటే ఇది ఒంట్లోకి తేలిగ్గా చేరుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో తెల్లటి గిన్నెలో ఆ నీళ్ళు పెట్టుకుని కూర్చున్న ఫొటోలు చూశాను. అయ్యాక సింకులో పారబోశామని కూడా రాస్తారు. పోనీ తుపాకీకైనా మంచిదా అంటే అదీ లేదు. స్టీలు తుప్పు పట్టకుండా వేసే బ్లూయింగ్, పార్కరైజింగ్ పూతల్ని వెనిగర్ తినేస్తుంది.

సీసం ఉండేది ఆ వంటకంలో ఒక్కదాంట్లోనే కాదు. తూటా అడుగున నిప్పు రాజేసే ప్రైమర్లలో చాలావాటిలో లెడ్ స్టిఫ్‌నేట్ ఉంటుంది, ఆ పొగ మసిలో కలిసే ఉంటుంది. కాబట్టి వాడేసిన కిరసనాయిలు ఇక కిరసనాయిలు కాదు. దాన్ని చెట్ల మొదట్లో పోయడం, చేతులు తుడిచిన గుడ్డని పిల్లల బట్టలతో కలిపి మెషీన్‌లో వేయడం, ఈ రెండూ నేను చేసిన తప్పులే. మానేశాను.

అన్ని మురికిలకీ జిడ్డు మందే అక్కర్లేదు అనడానికి ఇంకో పాత సంగతి. పూర్వం ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది పొటాషియం క్లోరైడ్ అవుతుంది, ఉప్పుకి దగ్గర చుట్టం. గాలిలో తేమని లాక్కుని బ్యారెల్‌ని తుప్పు పట్టిస్తుంది. ఆ ఉప్పు నూనెలో కరగదు. అందుకే పాయింట్ త్రీనాట్‌త్రీ రైఫిళ్ళ కాలంలో సిపాయిలు బ్యారెల్‌లోకి గరాటు పెట్టి మరిగే నీళ్ళు పోసేవారు. ఇప్పటికీ పాత మిలిటరీ తూటాలు కొని కాల్చేవాళ్ళకి అంతకు మించిన సాల్వెంట్ లేదు. ఖరీదైన సీసా ఒకటి పూసి పెట్టేసి, వారానికి చూస్తే బ్యారెల్ ఎర్రగా ఉందని లబోదిబోమనే కొత్తవాళ్ళని రేంజిలో చూశాను.

కాలేజీలో ఎన్.సి.సి.లో ఉన్నప్పుడు మాకు సాల్వెంట్ అనే మాటే తెలియదు. పుల్‌త్రూ తాడు, చిందీ గుడ్డ, కొంచెం నూనె. ఫైరింగ్ అయ్యాక ఖాళీ ఖోకాలు (తూటా కేసులు) లెక్క అప్పజెప్పి, చెట్టు కింద వరసగా కూర్చుని చిందీలు లాగేవాళ్ళం. హవల్దార్ గారు బ్యారెల్‌లోంచి ఆకాశం చూసి "ఇంకోసారి" అనేవారు. ఎవరమూ ఏమీ నానేసింది లేదు, రైఫిళ్ళు మా కంటే పెద్ద వయసువి, చక్కగా పేలేవి.

దానికి సమాధానంగా ఇక్కడివాళ్ళు వియత్నాం తెస్తారు. ఏఆర్-15కి సైనిక రూపమైన ఎం16ని శుభ్రం చేయనక్కర్లేదని చెప్పి సైనికులకిచ్చారు, అవి ఇరుక్కుపోయి ప్రాణాలు పోయాయి, కాబట్టి బోల్టు అద్దంలా మెరవాలి అని. మొదటి సగం నిజం. శుభ్రం చేసుకునే సామాను సరిపడా ఇవ్వలేదు. ఆ పైన తూటాల్లోని మందు రకం మార్చారు, దాంతో రైఫిల్ ఆడే వేగం పెరిగింది, మసీ పెరిగింది. 1967లో ఇకార్డ్ అనే ప్రతినిధి అధ్యక్షతన అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం విచారణ చేసింది. కానీ అక్కడ ఎక్కువగా జరిగింది ఖాళీ కేసు ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గదిలో, ఇరుక్కుపోవడం. ఆ తేమలో క్రోమ్ పూత లేని ఛాంబర్లు తుప్పుపట్టి గుంటలు పడ్డాయి. తర్వాత ఛాంబర్‌కి క్రోమ్ వేశారు, సామాను ఇచ్చారు, శుభ్రం చేయడం నేర్పారు. బోల్టు తోక మీది మసి పొరకి ఈ కథలో ఉన్నది చిన్న వేషం. ఛాంబర్ శుభ్రంగా, బోల్టు తడిగా నూనెతో ఉంచమని వియత్నాం చెప్తే, మనం దాన్ని తోకని ఆసిడ్‌లో ముంచమని విన్నాం.

నా ఏఆర్-15 బోల్టు తోక మీద ఇప్పుడూ కొంచెం నలుపు ఉంటుంది. ఒక మందం దాకా పెరిగి, తర్వాత క్యారియరే దాన్ని గీకేసుకుంటున్నట్టుంది, ఏడాదిగా అంతే ఉంది. నేను చేసేది ఇంతే. బోల్టు విప్పి, ఖాళీ కేసుని బయటికి లాగే ఎక్‌స్ట్రాక్టర్ స్ప్రింగులోని చిన్న రబ్బరు ముక్క తీసి పక్కన పెడతాను, సాల్వెంట్ తగిలితే ఉబ్బుతుంది. స్టీలు ముక్కలన్నీ మూతున్న డబ్బాలో, వాసన లేని మినరల్ స్పిరిట్స్‌లో ఒక పాలు ట్రాన్స్‌మిషన్ ఆయిలు కలిపి, రాత్రంతా. పొద్దున్న నైలాన్ బ్రష్షు, ఆ తర్వాత వెదురు పుల్ల. చైనా రెస్టారెంటు చాప్‌స్టిక్‌ని చాకుతో ఉలిలా చెక్కుకున్నాను. తోక దగ్గరి వంపులో దాన్ని ఆనించి తిప్పితే మసి రేకులుగా లేస్తుంది, కింద స్టీలు మీద గీత పడదు. అది కూడా ఎప్పుడో ఒకసారి, ప్రతి రేంజి ట్రిప్పుకీ కాదు. వెంటనే నూనె పెట్టాలి. పార్కరైజ్డ్ పూత స్పాంజి లాంటిది, నూనెని పట్టుకుని కాపాడుతుంది, నానేసినప్పుడు సాల్వెంట్ ఆ నూనెనంతా లాగేస్తుంది. తుడిచి అలాగే వదిలేస్తే వానాకాలంలో మర్నాటికే ఎర్ర చుక్కలు వస్తాయి, నాకు వచ్చాయి.

రిసీవర్‌ని నీళ్ళ కాగితంతో రుద్ది, ఓవెన్‌లో కాల్చే పెయింటు వేశాను. వంటింటి ఓవెన్ ఇవ్వనంది మా ఆవిడ, పాతది ఒకటి ఇరవై డాలర్లకి కొన్నాను. బోల్టు జారే దారిలో ఒకచోట గరుకు మిగిలిపోయింది, వేలు పెడితే తెలుస్తుంది. పేలుతోంది. వీడియో కాల్‌లో నాన్నకి చూపిస్తే ఫోన్ దగ్గరికి తెమ్మని రెండుసార్లు చూసి, "పెయింటు బానే కొట్టావు" అన్నారు. మిగతాదాని గురించి ఏమీ అనలేదు.

వాడేసిన సాల్వెంట్ గాజుసీసాలో పోసి పైనున్న అరలో పెడుతున్నాను. మా అమ్మాయి దాని మీద తెలుగులో "విషం, నాన్నది" అని రాసి అంటించింది. తెలుగు బడికి వెళ్తోంది, ఒత్తులూ దీర్ఘాలూ సరిగ్గా పడ్డాయి. సీసా నిండాక ఊరి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి తీసుకెళ్ళాను. అక్కడి కుర్రాడు సీసా తిప్పి చూసి ఇదేం భాష అని అడిగాడు. చెప్పాను. ఈసారి పక్కన ఇంగ్లీషులో కూడా రాసి తెమ్మన్నాడు.